ముంగిలి ఎవరిది? అమెరికా హెచ్‌ఓఏలు, పచ్చిక నిబంధనలు

జులై చివరికల్లా డల్లాస్ చుట్టుపక్కల ఇళ్ల ముందు పచ్చిక రంగు మారడం మొదలవుతుంది. ఆ పచ్చికలో ఎక్కువ భాగం బెర్ముడా గడ్డి. దాని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. తెలుగువారు వినాయకుడికి సమర్పించే గరిక అదే. మెట్ట చేలలో రైతు వేళ్లతో సహా పెకలించి గట్టు మీద పారేసే ఆ మొక్కనే, ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు కొనుక్కున్న ఆ రైతు కొడుకు నీళ్లు పెట్టి, ఎరువు చల్లి, వారం వారం కోయించి కాపాడుకోవలసి వస్తుంది. కాపాడలేకపోతే ఇంటి యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ, ఫొటో జతచేసి ఉత్తరం పంపుతుంది. ముంగిట్లో పచ్చిక ఎండిపోయిందని, ఇన్ని రోజుల్లోగా సరిచేయాలని, లేకపోతే జరిమానా తప్పదని అందులో ఉంటుంది.

ఆ ఉత్తరం అందుకున్న కొత్త యజమానికి వచ్చే సందేహం సహజమైనదే. పంపినది ప్రభుత్వం కాదు, నగరపాలక సంస్థా కాదు. ఇరుగుపొరుగు ఎన్నుకున్న నలుగురైదుగురి బోర్డు, ఆ బోర్డు కుదుర్చుకున్న ఒక నిర్వహణ కంపెనీ. సొంత డబ్బుతో, సొంత పేరు మీద కొన్న నేలలో గడ్డి ఎంత పచ్చగా ఉండాలో చెప్పే అధికారం వీరికి ఎక్కడిది? దీనికి జవాబు దస్తావేజుల్లో ఉంది. కాలనీని లేఅవుట్ వేసిన డెవలపర్ మొదటి ఇల్లు అమ్మడానికి ముందే కౌంటీ కార్యాలయంలో ఒక షరతుల పత్రాన్ని రిజిస్టరు చేస్తాడు. సీసీ అండ్ ఆర్‌లు అని వ్యవహారంలో పిలిచే ఆ పత్రం నమోదైన నాటి నుంచి ఆ లేఅవుట్‌లోని ప్రతి ప్లాటూ ఆ షరతులతో కలిసే చేతులు మారుతుంది. కొన్నవారు దాన్ని చదివారా లేదా అన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు, ఎందుకంటే షరతు మనిషిని కాకుండా నేలను పట్టుకుని ఉంటుంది.

నేలను పట్టుకుని ఉండే షరతు అనే సూత్రం స్థిరపడింది కూడా ఒక తోట తగాదాలోనే. లండన్‌లోని లెస్టర్ స్క్వేర్ నడుమ ఉన్న తోటను దాని యజమాని టల్క్ 1808లో అమ్ముతూ, దాన్ని ఎప్పటికీ తోటగానే బాగుచేసి ఉంచాలని, అందులో కట్టడాలు లేవకూడదని రాయించుకున్నాడు. కొన్నాళ్లకు ఆ స్థలం చేతులు మారి మాక్సే అనే వ్యక్తికి చేరింది. షరతు సంగతి తెలిసే కొన్న మాక్సే, ఆ మాట ఇచ్చింది తాను కాదు గనుక తనకు వర్తించదని వాదించి కట్టడానికి సిద్ధపడ్డాడు. తెలిసి కొన్నవాడు తప్పించుకోలేడని 1848లో ఇంగ్లండ్ ఛాన్సరీ కోర్టు తేల్చింది. ఈ సూత్రం భారతదేశానికీ పరాయిది కాదు; 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 40వ సెక్షన్‌లో దాని పోలికే కనిపిస్తుంది. అయితే టల్క్ కేసు నుంచి ఇంగ్లండ్‌లో నిలిచిన నియమం ‘చేయవద్దు’ అని ఆపే షరతులకే పరిమితం కాగా, అమెరికా దాన్ని ‘చేసి తీరాలి’ అనే షరతులకూ విస్తరించింది. కట్టవద్దు అనడం వేరు, కోయించు, తడుపు, ఎండితే కొత్త గడ్డి పరిపించు అనడం వేరు. ఆ పైన 1938లో నెపాన్సిట్ కేసులో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం, కాలనీ నిర్వహణకు చందా కట్టాలనే షరతు కూడా నేలతోపాటే నడుస్తుందని, దాన్ని వసూలు చేసే హక్కు యజమానుల సంఘానికి ఉందని చెప్పింది. దాంతో షరతుకు ఒక కాపలాదారు దొరికాడు, ఆ కాపలాదారుకు జీతమూ దొరికింది.

పచ్చిక ఈ షరతుల్లోకి ఎలా వచ్చిందో చూస్తే దాని వెనకున్న ఆలోచన తెలుస్తుంది. 1869లో షికాగో శివార్లలో రివర్‌సైడ్ పట్టణానికి ప్రణాళిక గీసిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, ఇళ్లు వీధికి కనీసం 30 అడుగులు వెనక్కి ఉండాలని, ముందర చెట్లు ఉండాలని నిర్దేశించాడు. ప్రహరీలు లేని ముంగిళ్లన్నీ కలిసి ఒకే ఉద్యానంలా కనిపించాలన్నది ఆయన ఊహ. ఇంటికి ప్రహరీ, గేటు, గేటు లోపల ముగ్గు ఉండే చోటి నుంచి వచ్చినవారికి ఇక్కడే మొదటి తికమక ఎదురవుతుంది. ఈ పద్ధతిలో ముంగిలి ఇంటికి చెందినదిగా కాక వీధికి చెందినదిగా లెక్క. కాన్సస్ సిటీలో డెవలపర్ జె. సి. నికల్స్ ఈ ఊహకు చట్టపరమైన పళ్లు తొడిగాడు. తానేసిన కాలనీల్లో యజమానుల సంఘాలు పెట్టించి, గడువు తీరగానే వాటంతటవే కొనసాగే షరతులు రాయించాడు. 1947లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో మొదలై 17 వేలకు పైగా ఇళ్లకు పెరిగిన లెవిట్‌టౌన్‌లో, వేసవి కాలమంతా వారానికొకసారి గడ్డి కోయాలన్న నియమం ఉండేది.

అవే పత్రాల్లో, అవే పేజీల్లో మరో షరతు కూడా ఉండేది. నల్లజాతివారికి ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. అటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో తీర్పిచ్చింది. గృహ విక్రయాల్లో జాతి వివక్షను 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధించింది. ఆ షరతు పోయింది, గడ్డి షరతు మిగిలింది. ఈ రెండూ ఒకటేనని అనడం అన్యాయమవుతుంది. కాని పక్కింటి తీరును బట్టి నా ఇంటి ధర మారుతుంది, కనుక పక్కింటిని అదుపులో ఉంచే హక్కు నాకుండాలి అన్న లెక్క మాత్రం రెండింటికీ ఒకటే. హెచ్‌ఓఏ సమావేశాల్లో పచ్చిక గురించి ఎవరు ఎంత సౌందర్యదృష్టితో మాట్లాడినా, సంభాషణ చివరికి ఇళ్ల ధరల దగ్గరే ఆగుతుంది.

1960ల నుంచి ఈ సంఘాలు వేగంగా పెరిగాయి. గృహరుణాలకు హామీ ఇచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ వాటిని ప్రోత్సహించింది. నగరాలకూ ఇది లాభసాటిగా తోచింది. కొత్త కాలనీలో వాననీటి చెరువు, ప్రహరీ గోడ, పార్కు, లోపలి దారుల పక్కనున్న చెట్లు వీటన్నిటి ఖర్చూ నగర ఖజానా మీద పడకుండా సంఘం మీద పడుతుంది. అందుకే టెక్సాస్, ఫ్లోరిడా, ఆరిజోనా, నెవాడా వంటి రాష్ట్రాల్లో కొత్తగా విస్తరిస్తున్న శివార్లలో హెచ్‌ఓఏ లేని కొత్త ఇల్లు వెతికినా దొరకడం కష్టం. 1970లో దేశం మొత్తం మీద దాదాపు 10 వేలున్న ఇటువంటి సంఘాలు ఇప్పుడు మూడున్నర లక్షలు దాటాయి. ఏడు కోట్లకు పైగా జనం వాటి నీడలో ఉన్నారు. డల్లాస్ ఉత్తర శివార్లలోని తెలుగువారిలో అధికులు కొన్నవి కొత్త కాలనీల్లోని ఇళ్లే కనుక, హెచ్‌ఓఏ వద్దనుకుని కొనే వీలు వారికి నిజానికి స్వల్పమే.

షరతుల పత్రంలో యార్డు గురించి ఉండేది సాధారణంగా ఒకటి రెండు పేరాలే. ప్రతి యజమానీ తన స్థలాన్ని శుభ్రంగా, ఆకర్షణీయంగా, పరిసరాలకు నప్పేలా ఉంచాలి. యజమానులు చేయదలచిన మార్పులను పరిశీలించే సమీక్షా కమిటీ రాతపూర్వక అనుమతి లేకుండా మార్పులు చేయకూడదు. అసలు వివరాలు బోర్డు వేరుగా తయారుచేసే మార్గదర్శకాల్లో ఉంటాయి. ముంగిట్లో ఎన్ని చెట్లుండాలి, కాండం ఎంత మందం ఉండాలి, పునాది వెంట ఎన్ని పొదలు నాటాలి, ఏ రకాల గడ్డి చెల్లుతుంది, పూలమడి అంచుకు ఇటుకా రాయా, మొదళ్లలో పరిచే బెరడు పొట్టు ఏ రంగులో ఉండాలి అన్నంత దాకా అవి వెళ్తాయి. ఈ రెండు పత్రాల తేడా తెలియకపోవడమే చాలా తగాదాలకు మూలం. షరతుల పత్రాన్ని మార్చాలంటే యజమానుల ఓటు కావాలి. టెక్సాస్ చట్టం ప్రకారం అందుకు కావలసింది మొత్తం ఓట్లలో 67 శాతం, పత్రమే అంతకంటే తక్కువ చాలన్నప్పుడు తప్ప. మార్గదర్శకాలను మాత్రం బోర్డు సమావేశంలోనే మార్చుకోవచ్చు. అంటే ‘శుభ్రంగా’ అన్న మాట రాతిమీద గీత, దాని అర్థం మాత్రం ఇసుక మీద గీత.

ఆ ఒక్క మాటలోనే సంఘం అధికారమంతా ఇమిడి ఉంది. శుభ్రం అంటే ఏమిటో, నప్పడం అంటే ఏమిటో నిర్ణయించే విచక్షణ సంఘానిది. అది సహేతుకంగానే వ్యవహరించిందని ముందుగా భావించాలని, నిరంకుశంగానో వివక్షతోనో నడుచుకుందని రుజువైతే తప్ప తప్పుపట్టరాదని టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 202.004 సెక్షన్ చెబుతుంది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1994లో పెంపుడు పిల్లుల మీద తలెత్తిన నార్‌స్టెట్ కేసులో, రిజిస్టరైన షరతులు సబబైనవేనన్న భావనతోనే మొదలుపెట్టాలని చెప్పింది. మరోవైపు టెక్సాస్ సుప్రీంకోర్టు 2018లో టార్ కేసులో పత్రంలో లేని నిషేధాన్ని సంఘం వెతికి తేలేదని తేల్చింది; అక్కడి వివాదం ఇంటిని కొద్దిరోజులకు అద్దెకివ్వడం గురించి. ఈ తీర్పులను కలిపి చూస్తే యజమానికి ఉపయోగపడే సంగతి ఒకటుంది. పత్రంలో మాటే లేకపోతే సంఘం బలహీనం. మాట ఉండి, అది మెత్తనిదైతే సంఘమే బలవంతం.

ఇంతకీ ఇన్ని నియమాలుండగా ఉత్తరాలు ఎక్కువగా గడ్డి గురించే ఎందుకు వస్తాయి? కారణం చాలా సాదా. నిర్వహణ కంపెనీ మనిషి కారులో నెమ్మదిగా కాలనీ చుట్టి వస్తూ, దిగకుండానే చూడగలిగింది గడ్డినే. ఇంట్లో ఏం జరుగుతోందో, పెరట్లో ఏముందో కనిపించదు. గడ్డి పెరిగిందో ఎండిందో చెప్పడానికి నైపుణ్యం అక్కర్లేదు, ఫొటో ఒక్కటే సాక్ష్యం. పైగా పెయింటు ఏళ్ల తరబడి నిలుస్తుంది గాని గడ్డి వారానికొకసారి తప్పు చేస్తుంది. గడ్డి 12 అంగుళాలు మించకూడదనే ఆర్డినెన్సు టెక్సాస్‌లోని అనేక నగరాల్లో ఎలాగూ ఉంది. హెచ్‌ఓఏల కొలత అంతకంటే బాగా తక్కువ.

ఉత్తరం వచ్చాక నడిచే తతంగం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో జరిమానా వేయడానికి ముందు సంఘం రాతపూర్వక నోటీసును చేరినట్టు రుజువు దొరికే తపాలాలో పంపాలి; ఉల్లంఘన ఏమిటో వివరించాలి; సరిచేసుకోవడానికి తగిన గడువివ్వాలి; 30 రోజుల్లోగా విచారణ కోరవచ్చని తెలపాలి. గత ఆరు నెలల్లో అదే తరహా తప్పుకు నోటీసు వచ్చి ఉంటే మాత్రం మళ్లీ గడువు ఇవ్వనక్కర్లేదు. వేసవి పొడవునా గడ్డి గురించే ఉత్తరాలు అందుకునేవారిని దెబ్బతీసేది ఈ మెలికే. విచారణ కోరితే, తాము చూపబోయే పత్రాలను, ఫొటోలను సంఘం కనీసం 10 రోజుల ముందు యజమానికి అందించాలి. ఆ ఫొటోలు ఏ తేదీవో, అదే వారంలో ఎదురింటి పచ్చిక ఎలా ఉందో అడగవలసిన చోటు అదే. ఒకరి మీద అమలుచేసి, మరొకరిని చూసీ చూడనట్టు వదిలేయడం వివక్ష వాదనకు బలమైన ఆధారం. చాలామంది యజమానులు ఈ విచారణను అవమానంగా భావించి కోరరు. సంఘాన్ని సంజాయిషీ అడిగే వీలు తమ చేతికిచ్చేది అదేనని గ్రహించరు.

జరిమానా కట్టకపోతే ఇల్లు పోతుందా? పచ్చిక జరిమానా ఒక్కటే బాకీ అయితే టెక్సాస్‌లో పోదు. కేవలం జరిమానాలు, వాటికి సంబంధించిన లాయరు ఫీజుల కోసం ఫోర్‌క్లోజర్ చేయడం, అంటే బాకీ కింద ఇంటిని వేలం వేయించడం, అక్కడ నిషిద్ధం. కట్టిన డబ్బును ముందు చందా బకాయికి, ఆ తర్వాతే జరిమానాకు జమ చేయాలన్న క్రమాన్నీ చట్టమే నిర్ణయించింది. లేకపోతే యజమాని చందాగా కట్టిన సొమ్మును గడ్డి జరిమానా కింద మింగేసి, చందా బకాయి పడిందంటూ ఇంటి మీదికి రావడానికి దారి తెరిచి ఉండేది. ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. ఫ్రిస్కోలో ఒక సైనికాధికారి ఇరాక్‌లో విధుల్లో ఉండగా, దాదాపు 800 డాలర్ల చందా బకాయికి ఆయన ఇంటిని 2008లో వేలం వేసిన ఉదంతం పెద్ద దుమారం రేపింది. 2011లో టెక్సాస్ శాసనసభ హెచ్‌ఓఏ చట్టాలను కట్టుదిట్టం చేసింది. ఫ్లోరిడాలో జరిమానా సాధారణంగా రోజుకు 100 డాలర్లు, మొత్తం 1,000 డాలర్లు మించకూడదు. బోర్డుకు సంబంధం లేని కనీసం ముగ్గురు సభ్యుల కమిటీ ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. కాలిఫోర్నియా 2025లో, ఆరోగ్య భద్రతలకు ముప్పు ఉన్నప్పుడు తప్ప, ఒక్కో ఉల్లంఘనకు 100 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టింది.

అయినా జరిమానా ఒక్కటే ఆయుధం కాదు. చాలా పత్రాల్లో సంఘమే మనిషిని పంపి గడ్డి కోయించి, ఆ బిల్లును యజమాని ఖాతాలో వేసే అధికారం ఉంటుంది. అంతకుమించినది కోర్టుకెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవడం. 2008లో ఫ్లోరిడాలో విశ్రాంత జీవితం గడుపుతున్న ఒక వృద్ధుడు, ఎండిన పచ్చికను మార్చాలన్న కోర్టు ఉత్తర్వును స్తోమత లేక పాటించలేకపోయి, కోర్టు ధిక్కారం కింద జైలుకెళ్లాడు. ఇరుగుపొరుగు కలిసి గడ్డి తెచ్చి పరిచాకే బయటికి వచ్చాడు. గడ్డి ఎండితే జైలు అని ఆ వార్త పత్రికలకెక్కింది. జైలు శిక్ష గడ్డికి కాదు, ఉత్తర్వును పాటించకపోయినందుకు. ఆ తేడా చట్టానికి ముఖ్యమే గాని, ఆ పెద్దాయనకు పెద్ద ఊరట అయి ఉండదు.

దశాబ్దాల పాటు శాసనసభలు ఈ వ్యవహారాన్ని ఇరుపక్షాల ఒప్పందంగా భావించి వదిలేశాయి. వాటిని కదిలించింది యజమానుల స్వేచ్ఛ కాదు, నీళ్లు. 2005లో ఉపగ్రహ చిత్రాల సాయంతో జరిగిన ఒక అంచనా ప్రకారం ఇళ్లు, పార్కులు, గోల్ఫ్ మైదానాలు కలిపి అమెరికాలో పచ్చిక విస్తీర్ణం దాదాపు 1,63,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు నేటి ఆంధ్రప్రదేశ్ అంత. నీరు పెట్టి పండించే మొక్కజొన్న విస్తీర్ణానికి అది మూడింతలు. ఇంట్లో వాడే నీటిలో సగటున 30 శాతం ఆరుబయటే ఖర్చవుతుందని, పొడి ప్రాంతాల్లో అది 60 శాతం దాకా పోతుందని పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ చెబుతోంది. డల్లాస్ నగరం 2012 నుంచి వారానికి రెండుసార్లకు మించి స్ప్రింక్లర్లు తిప్పకూడదని శాశ్వత నియమం పెట్టింది. దాంతో ఒకే ముంగిలి మీద ఇద్దరు యజమానులు తయారయ్యారు. తడిపితే నగరం జరిమానా వేస్తుంది, తడపకపోతే హెచ్‌ఓఏ వేస్తుంది.

ఈ ఇరకాటం నుంచే కొత్త చట్టాలు పుట్టాయి. ఫ్లోరిడా 2009లో, స్థానిక వాతావరణానికి తగిన మొక్కల పెంపకాన్ని దస్తావేజు షరతులు నిషేధించలేవని స్పష్టంచేసింది. టెక్సాస్ 2013లో, కరవును తట్టుకునే మొక్కలను, తక్కువ నీటి గడ్డిని నిషేధించే షరతులను చెల్లనివిగా చేసింది. కరవుకాలంలో నీరు తగ్గించినందుకు జరిమానా వేయకూడదని కాలిఫోర్నియా 2014లో అంటే, ఆ మరుసటి ఏడాది కృత్రిమ గడ్డిని కూడా నిషేధించకూడదంది. మేరీల్యాండ్‌లోని కొలంబియా పట్టణంలో ఒక దంపతుల తోటలో స్థానిక మొక్కలు, సీతాకోకచిలుకలు, పక్షులు ఎక్కువయ్యాయని పొరుగువారు ఫిర్యాదు చేయగా, తీసేసి గడ్డి వేయమని సంఘం ఆదేశించింది. వారు కోర్టుకెక్కి రాజీతో తోటను నిలుపుకున్నారు. 2021లో ఆ రాష్ట్రం పచ్చిక తప్పనిసరి అనే షరతునే నిషేధిస్తూ చట్టం చేసింది. కొలరాడో 2023లో ఇంకో అడుగు వేసి, తక్కువ నీటితో పెరిగే తోటకు కనీసం మూడు నమూనాలను సంఘాలే ముందుగా ఆమోదించి సిద్ధంగా ఉంచాలంది. టెక్సాస్ 2025లో, నీటి ఆంక్షలు అమల్లో ఉన్నప్పుడు, అవి తొలగిన 60 రోజుల వరకూ, గోధుమరంగుకు తిరిగిన పచ్చికకు జరిమానా వేయకూడదని చేర్చింది. నెవాడాది వేరే దారి. 2027 నుంచి లాస్ వేగస్ లోయలో ఎవరూ వాడని అలంకార పచ్చికకు కొలరాడో నది నీరు పెట్టకూడదని 2021 చట్టం అంటుంది. విడి ఇళ్ల యార్డులకు మినహాయింపు ఉంది గాని హెచ్‌ఓఏల ఉమ్మడి స్థలాలకు లేదు. పచ్చిక వేయమని బలవంతపెట్టే సంఘాన్నే అక్కడ పచ్చిక పెకలించమని రాష్ట్రం బలవంతపెడుతోంది.

ఈ చట్టాల గురించి విన్నవారు హెచ్‌ఓఏ పీడ విరగడైందని అనుకుంటారు. చట్టాల్లోని మాటలను దగ్గరగా చదివితే అలా లేదు. టెక్సాస్ చట్టాన్నే తీసుకుంటే, సంఘం నిషేధించకూడదు. కాని వివరమైన ప్రణాళిక ఇవ్వమని అడగవచ్చు, చుట్టుపక్కల తోటలతో వీలైనంత పొసిగేలా చూడవచ్చు, కంకర, రాళ్లు, కాక్టస్‌ల వాడకాన్ని నియంత్రించవచ్చు. అకారణంగా అనుమతి నిరాకరించకూడదన్నది మాత్రమే హద్దు. మేరీల్యాండ్ చట్టం కూడా సహేతుకమైన రూపకల్పన నియమాలను వదిలిపెట్టింది. అంటే ‘ఉండాలా వద్దా’ అన్న నిర్ణయం సంఘం చేయి దాటింది, ‘ఎలా ఉండాలి’ అన్నది దాని చేతిలోనే ఉంది. ఎలా అన్నదాన్ని తగినంత బిగిస్తే వద్దు అన్నట్టే అవుతుందన్నది అనుభవజ్ఞులైన బోర్డులకు తెలియని విషయం కాదు. పచ్చికంతా తీసేసి కంకర పోసేస్తే చాలు, చట్టం తమ వైపుందని ధీమాగా పని మొదలెట్టినవారు ఇక్కడే బోల్తా పడతారు. వారు పోగొట్టుకునేది గడ్డి మీది వాదన కాదు, ముందస్తు అనుమతి తీసుకోలేదన్న వాదన.

కూరగాయల సంగతి ఇంకా ఇరుకు. నీటి పొదుపు చట్టాల్లో గోంగూర ప్రస్తావన లేదు. దక్షిణ ఫ్లోరిడాలో మయామీ షోర్స్ అనే ఊరు, ఒక జంట 17 ఏళ్లుగా ముంగిట్లో పెంచుకున్న కూరగాయల మడిని రోజువారీ జరిమానా బెదిరింపుతో 2013లో పీకించింది. దాని ఫలితంగా 2019లో రాష్ట్రం కూరతోటల మీద స్థానిక ప్రభుత్వాల ఆంక్షలను రద్దుచేసింది. ఆ చట్టం కట్టడి చేసింది ప్రభుత్వాలను, హెచ్‌ఓఏలను కాదు. హెచ్‌ఓఏలకు సంబంధించి 2024లో వచ్చిన మార్పు, వీధి నుంచి గాని పక్క స్థలం నుంచి గాని కనిపించని కూరతోటకే వర్తిస్తుంది. కాలిఫోర్నియా కూడా యజమాని సొంత పెరటికే ఆ రక్షణ కల్పించింది. ముంగిలి, పెరడు అని తెలుగులో వేర్వేరుగా చెప్పుకునే తేడాయే ఇక్కడ చట్టంగా మారింది. ముంగిలి చూపుకు, పెరడు కూరకు. తెలుగిళ్లలో బెండ, సొర, కరివేపాకు కుండీలు కంచె వెనకే ఉంటాయి కనుక సాధారణంగా గొడవ రాదు. సొరపాదుకు వేసిన పందిరి ఆరడుగుల కంచె దాటి పైకి లేచినప్పుడు వస్తుంది. సొరపాదు మొక్క అయితే, పందిరిని కట్టడమంటారు. కట్టడానికి కమిటీ అనుమతి వేరుగా కావాలి.

అనుమతి కోరే పద్ధతి మీద ఇటీవలి సంవత్సరాల్లో టెక్సాస్ కొంత వెలుగు ప్రసరింపజేసింది. 40కి పైగా ప్లాట్లున్న సంఘాల్లో బోర్డు సభ్యులు గాని వారి జీవిత భాగస్వాములు గాని సమీక్షా కమిటీలో ఉండకూడదని 2021 చట్టం అంటుంది. నిరాకరిస్తే కారణాన్ని, ఏ మార్పు చేస్తే ఒప్పుకుంటారో రాసివ్వాలి. దాని మీద బోర్డు ముందు విచారణ కోరవచ్చు. అయితే డెవలపర్ ఇంకా ఇళ్లు అమ్ముతున్న కాలనీల్లో బోర్డు పగ్గాలు ఆయన చేతిలోనే ఉంటాయి. 75 శాతం ప్లాట్లు అమ్ముడైన 120 రోజుల్లోగా బోర్డులో కనీసం మూడో వంతు యజమానులు ఎన్నుకున్నవారు ఉండాలన్నది నియమం. అప్పటిదాకా పచ్చిక మీద పట్టుదల అమ్మకానికి మిగిలిన ఇళ్ల అందం కోసమే. కొత్త కాలనీల్లో మొదటి రెండు మూడేళ్లు ఉత్తరాలు జోరుగా ఉండి, పగ్గాలు మారాక కొంత సద్దుమణగడానికి కారణం ఇదే కావచ్చు.

అనుమతి లేకుండా చేసిన మార్పు అప్పటికప్పుడు ఎవరి కంటా పడకపోవచ్చు. అది మళ్లీ తలెత్తేది ఇల్లు అమ్మేటప్పుడు. టెక్సాస్‌లో కొనేవారికి సంఘం ఇచ్చే రీసేల్ సర్టిఫికెట్‌లో, ఆ స్థలంలో షరతులకు విరుద్ధంగా ఉన్నవని బోర్డుకు తెలిసినవన్నీ రాయాలి. ఏడేళ్ల కిందట కమిటీకి చెప్పకుండా పచ్చిక తీసి పెంచిన మల్లెపందిరిని, లావాదేవీ ముగియాల్సిన వారంలో పీకించి అక్కడ మళ్లీ గరిక పరిపించే పరిస్థితి రావచ్చు.